చేను మారితే కూలి ఏమవుతుంది?
హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ఖరీఫ్ భూమి పోకడ

శ్రావణ మాసంలో ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం పోయే రైలెక్కి, కిటికీ పక్కన కూర్చుని ఒకసారి చూడండి. ధర్మవరం దాటగానే ఎర్రనేలల్లో వేరుశనగ చేలు కనిపిస్తాయి. వాటి మధ్య మధ్య విత్తనం పడని బీళ్ళు. పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి చేను ఉండాల్సిన చోట ప్రహరీ గోడలు, ప్లాట్ల హద్దు రాళ్ళు, ఫ్యాక్టరీ షెడ్లు. ఇంకా ముందుకు పోతే బోరుబావుల కింద మొక్కజొన్న, మల్బరీ, అక్కడక్కడ రాగి. ఈ కాస్త ప్రయాణంలోనే కరువు సీమలో వానాకాలపు భూమి ఏ దారిన పోతున్నదో తెలిసిపోతుంది.

దీన్నంతా అధికారులు "విస్తీర్ణం" అంటారు. ఫలానా పంట ఇన్ని హెక్టార్లు పెరిగింది, ఫలానా పంట ఇన్ని హెక్టార్లు తగ్గింది అని కాగితం మీద రాసుకుంటారు. ఆ కాగితంలో లేని గడి ఒకటుంది. ఆ హెక్టారు మీద ఎంతమంది కూలీలకు ఎన్నాళ్ళు పని దొరికింది? అక్కడ పండినదాంట్లో వాళ్ళ పొయ్యి మీదికి ఎంత వచ్చింది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పే లెక్క ఏ ప్రభుత్వ కార్యాలయంలోనూ కనబడదు. భూమి మీద ఏం వేయాలో నిర్ణయించేది ఒకరు, దాని ఫలితం అనుభవించేది ఇంకొకరు. ఈ మూడు ప్రాంతాల ఖరీఫ్ కథ మొత్తానికి కీలకం ఇదే.

వాన లెక్క

పాత అనంతపురం జిల్లాలో 2022 ఏప్రిల్ 4న శ్రీసత్యసాయి జిల్లా వేరుపడింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఇప్పుడు ఆ జిల్లాలో ఉన్నాయి. జిల్లా పేరు మారింది గాని మబ్బు మారలేదు. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల అవతలే వాన కుమ్మరించి ఇటు వట్టి గాలిగా వస్తాయి. ఈశాన్య రుతుపవనాలకేమో తూర్పు తీరం ఇక్కడికి చాలా దూరం. రెండింటికీ చివరి ఊరు మనది. పాత జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. రాష్ట్రంలో ఇంత తక్కువ వాన మరెక్కడా లేదు. అందులో నైరుతి కాలంలో పడేది సుమారు 340 మిల్లీమీటర్లు.

అది కూడా సక్రమంగా పడదు. జూన్‌లో ఒక జల్లు ఆశ పెడుతుంది. జూలైలో విత్తే పదును వస్తుంది, రైతు గొర్రు కడతాడు. ఆగస్టులో ఇరవై రోజులు, నెల రోజులు మబ్బు మొహం చాటేస్తుంది. సరిగ్గా అప్పుడే వేరుశనగ పూత మీద ఉండి ఊడలు దిగాలి. నేల గట్టిబడితే ఊడ లోపలికి దిగదు. పైన చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, పీకి చూస్తే కాయ ఉండదు. హస్త కార్తెలో ఎంత వాన పడినా పోయిన కాయ తిరిగి రాదు.

నేలల్లో నూటికి డెబ్భై అయిదు వంతులు ఎర్రనేలలు. జానెడు లోతున గరుసు తగులుతుంది, నీళ్ళు నిలవవు. ఇట్లాంటి నేలకు, ఇట్లాంటి వానకు తగిన పంటలు మన పెద్దలకు తెలుసు.

కొర్ర చేనులోకి సెనక్కాయ వచ్చిన దారి

తాలూకాల రోజుల్లో ఇక్కడి మెట్ట చేను ఒక్క పంటతో ఉండేది కాదు. కొర్ర, సామ, అరిక, జొన్న, సజ్జ వేసేవారు. సాలు మధ్య సాలుగా కంది, అనుములు, అలసంద, ఆముదం ఉండేవి. చివరికి ఉలవ. హిందూపురం వైపు కన్నడ సీమకు ఆనుకుని ఉన్నందున రాగి ఎక్కువ. ఒక వాన తప్పితే ఒక పంట పోయేది, ఇంకో పంట నిలబడేది. కొర్ర ఎనభై తొంభై రోజుల్లో చేతికి వచ్చేది. కంది చలికాలం దాకా చేనులో ఉండి ఆఖరి వానను అందుకునేది. మనిషికి గింజ, పశువుకు మేత, పొయ్యికి కందికట్టె, అన్నీ ఒకే చేను ఇచ్చేది.

ఆ రోజులు స్వర్గమని చెప్పడం మన ఉద్దేశం కాదు. భూమి ఉన్నవాడిదే పెత్తనం, కూలిగింజల కొలతలోనూ మోసమే. కరువొస్తే జనం వలస పోయారు, చచ్చిపోయారు కూడా. 1876-78 నాటి ధాత కరువు ఈ సీమను ఎట్లా తిన్నదో పెద్దల నోట ఇంకా వినబడుతూనే ఉంది. కాని కూలిగా వచ్చేది గింజ. ఆ గింజతో సంగటి ఉడికేది. చేనుకూ కడుపుకూ మధ్య నేరుగా దారి ఉండేది.

వేరుశనగ బజారు కోసం పుట్టిన పంట. తెల్లదొరల కాలంలోనే మద్రాసు రాష్ట్రపు వేరుశనగ పాండిచ్చేరి రేవు మీదుగా ఫ్రాన్సు దేశపు మార్సే పట్టణంలోని నూనె మిల్లులకు పోయేది. ఆ మిల్లులు కొంటే ఇక్కడ ధర, కొనకపోతే దిగాలు. స్వాతంత్య్రం తర్వాత మన దేశపు మిల్లులు ఆ స్థానంలోకి వచ్చాయి. 1960ల మొదట్లో పాత జిల్లా సాగుభూమిలో సుమారు ఐదో వంతు ఉన్న వేరుశనగ, 1990లు వచ్చేసరికి నాలుగింట మూడు వంతుల దగ్గరికి చేరింది. 1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టింది. విత్తనానికి రాయితీ, పంట మీద బ్యాంకు అప్పు, పంటకు బీమా, అన్నీ వేరుశనగకే దొరికాయి. కొర్ర వేసే రైతుకు అప్పిచ్చిన బ్యాంకు ఎక్కడుంది? సామకు బీమా కట్టించిన అధికారి ఎవరు? రైతు ఇష్టపడి మారాడని చెప్పేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు. ఒక్క తలుపు తెరిచి మిగతా తలుపులన్నీ మూసేస్తే మనిషి ఆ ఒక్క తలుపులోంచే పోతాడు గదా!

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని దాచాల్సిన పనిలేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అది పేదల కడుపు నింపింది, అందులో సందేహం లేదు. ఆ బియ్యం రాకుంటే ఎన్నో కరువుల్లో ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి వెలిగేది కాదు. కాని చౌకడిపోలో కోస్తా బియ్యం దొరకడంతో, ఇంటి తిండి కోసం చేనులో గింజ వేయాల్సిన అవసరం తగ్గింది. ఆ ఖాళీలోకి కూడా వేరుశనగే వచ్చింది. తప్పు బియ్యం ఇవ్వడంలో లేదు. బియ్యంతో పాటు ఇక్కడి కొర్రను, రాగిని కూడా కొని అదే డిపోలో పెట్టకపోవడంలో ఉంది.

ధర ఎవరి చేతిలో ఉంది?

రైతును వేరుశనగలోకి దింపిన పాలకులే తర్వాత ఆ పంటకు పోటీగా పరదేశపు నూనెను దింపారు. 1994లో పామోలిన్ దిగుమతికి ఓపెన్ లైసెన్సు ఇచ్చారు. అప్పుడు సుంకం 65 శాతం. 1998 నాటికి దాన్ని 15 శాతానికి దించారు. 2008లో ముడి వంటనూనెల మీద సుంకమే ఎత్తేశారు. తర్వాత పెంచారు, దించారు, మళ్ళీ పెంచారు. 2024 సెప్టెంబరులో ముడి నూనెలపై మూల సుంకం 20 శాతం చేసి, 2025 మే నెలాఖరులో 10 శాతానికి తగ్గించారు. అంటే సరిగ్గా మన రైతు విత్తనం కొనుక్కునే వేళన్నమాట! దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా ఇండోనేషియా, మలేషియా వంటి దేశాల నుంచి వస్తున్నది. ధర్మవరం పక్క ఊళ్ళో కట్టె వామి కింద బుడ్డలు ఆరబెట్టుకున్న రైతు బస్తా ధర, అతడెన్నడూ చూడని రేవుల్లో, అతడెన్నడూ వినని కంపెనీల లెక్కల్లో తేలుతున్నది.

2025-26 ఖరీఫ్‌కు వేరుశనగ మద్దతు ధర క్వింటాలు 7,263 రూపాయలు. కందికి 8,000, రాగికి 4,886. కాగితం మీద బాగానే ఉంది. కొనుగోలు కేంద్రం తెరిచేలోపు అప్పుకోసం వడ్డీ వ్యాపారి గడప తొక్కుతుంటే, ఆ కాగితం ఎవరికి పనికొస్తుంది? కళ్ళంలోనే తూకం వేసుకుపోయే దళారీకే ఆ ఆలస్యం లాభం.

ఒకే పంట, ఒకే దెబ్బ

మైళ్ళకొద్దీ ఒకే పంట పరిస్తే ప్రకృతి ఊరుకోదు. 2000 సంవత్సరంలో వేరుశనగకు కాండం కుళ్ళు వైరస్ తెగులు సోకింది. పొగాకు మొక్కకు వచ్చే ఒక వైరస్ దీనికి మూలం. చేలగట్ల మీద, బీళ్ళల్లో విచ్చలవిడిగా పెరిగిన వయ్యారిభామ పుప్పొడి, దాన్ని మోసే తామర పురుగులు తెగులును చేను నుంచి చేనుకు పాకించాయి. పాత జిల్లాలో సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయల పైమాటేనని శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. కంది, కొర్ర, జొన్న మధ్యలో అడ్డుగోడగా ఉండి ఉంటే తెగులు అంత తేలిగ్గా పాకేది కాదు. జొన్న, సజ్జ వంటి పైరును చేను చుట్టూ రక్షగా నాలుగు సాళ్ళు వేయండని అధికారులు తర్వాత చెప్పారు. ఆ మాట మన తాతల సాళ్ళు ఎప్పుడో చెప్పాయి.

ఆ ఏడాది మొదలు కరువులు వరస కట్టాయి. పంట ఎండింది, అప్పు మిగిలింది. రైతుల ఆత్మహత్యలతో అనంతపురం పేరు దేశమంతా తెలిసింది. కదిరి పరిశోధనా స్థానం నుంచి కొత్త రకాలు రాకపోలేదు. 2005లో విడుదలైన కదిరి-6, తర్వాత వచ్చిన కదిరి-9, కదిరి లేపాక్షి రకాలు పాత టి.ఎం.వి.-2 కంటే మెరుగే. శాస్త్రవేత్తల శ్రమను తక్కువ చేయలేం. కాని ఎంత మంచి రకమైనా నీళ్ళు లేకుండా కాయ కట్టదు.

ఒక్క విత్తనం లెక్క చూడండి, చాలు. ఎకరా వేరుశనగకు యాభై అరవై కిలోల గింజ కావాలి. ఎకరా కొర్రకు రెండు కిలోలు చాలు. వాన మొహం చాటేస్తే కొర్ర రైతు పోగొట్టుకునేది రెండు కిలోల విత్తనం. వేరుశనగ రైతు పోగొట్టుకునేది బస్తా విత్తనం, దాంతో పాటు దాని కోసం చేసిన అప్పు.

ధర్మవరం: బీడు పెరుగుతున్నది

ధర్మవరం, బత్తలపల్లి, తాడిమర్రి, ముదిగుబ్బ వైపు మెట్టభూముల్లో వేరుశనగ వెనక్కు తగ్గుతున్నది. పాత జిల్లాలో ఒకనాడు ఎనిమిది లక్షల హెక్టార్ల దాకా పోయిన పంట ఇప్పుడు అందులో సగం దగ్గరికి పడిపోయింది. ఖాళీ అయిన నేల ఏమైంది? కొంత కందిలోకి, ఆముదంలోకి పోయింది. నీళ్ళున్న చోట చీనీ, దానిమ్మ, మామిడి తోటల్లోకి పోయింది. మిగిలింది బీడుగానే ఉండిపోతున్నది. 2023లో రాష్ట్రంలో కరువు మండలాలుగా ప్రకటించిన 103 మండలాల్లో శ్రీసత్యసాయి జిల్లావే 21. అట్లాంటి ఏట గొర్రు కట్టే పనే ఉండదు. సెప్టెంబరులో రాయితీ మీద ఉలవ విత్తనాలు ఇస్తారు. అది కూడా మంచి పనే, కాని మూడు నెలలు పస్తులు పడుకున్నాక పెట్టిన ముద్ద అది.

బీడు అంటే ఎవరికీ చెందని భూమి కాదు. దానికి యజమాని ఉన్నాడు. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, భూమిని ధర పెరిగే సరుకుగా అట్టిపెట్టుకున్నాడు. ఊళ్ళో ఉన్న పేదవాడు గుత్తకో కోరుకో అడిగితే నోటి మాట మీద ఇస్తాడు, కాగితం ఇవ్వడు. 2011లో అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, పదకొండు నెలల పత్రానికి యజమాని సంతకం కావాలన్నారు. పులిని అడిగి మేకకు కాపలా పెట్టినట్టుంది ఇది. కాగితం లేకపోతే బ్యాంకు అప్పు లేదు, బీమా లేదు, పంట పోతే నష్టపరిహారం లేదు. చెమట ఓడ్చింది కౌలురైతు, పరిహారం డబ్బు పడేది యజమాని ఖాతాలో.

పెనుకొండ: చేనే పోతున్నది

ధర్మవరంలో చేను ఎండితే, పెనుకొండ వైపు చేనే మాయమవుతున్నది. విజయనగర రాజులు ఒకప్పుడు రాజధానిగా చేసుకున్న ఈ కోట కింద, ఎర్రమంచి దగ్గర 2017లో కియా మోటార్స్ కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం జరిగింది. ఐదువందల ఎకరాల పైగా భూమి ఇచ్చారు, 2019లో కార్లు బయటికి వచ్చాయి. పరిశ్రమ వద్దని మనం అనడం లేదు. వలస పోయే జిల్లాకు పరిశ్రమ కావాల్సిందే. కాని ఫ్యాక్టరీ పేరు చెప్పి జాతీయ రహదారికి రెండు పక్కలా భూమి ధరలు ఎగబాకాయి. మెట్టచేను ప్లాటు అయింది. చేను దున్నితే వచ్చేదానికంటే దున్నకుండా అట్టిపెట్టుకుంటే వచ్చేది ఎక్కువైతే, దున్నేది ఎవరు? భూమి అమ్మిన రైతుకు ఎంతో కొంత చేతికి వచ్చింది. ఆ భూమి మీద కలుపు తీసి, కాయ తెంపి బతికిన కూలీకి ఏమొచ్చింది? భూసేకరణ కాగితాల్లో ఆమె పేరే రాదు.

ఇంకో పాత గాయం కూడా ఉంది. హిందూపురం పక్కన చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట 8,800 ఎకరాలకు పైగా భూమి కేటాయించారు. 2009 నాటి సంగతి. చెప్పిన హబ్ రాలేదు, వస్తామన్న ఉద్యోగాలు రాలేదు. కోర్టు కేసులు, దివాలా వ్యవహారాలు మాత్రం వచ్చాయి. అన్నేళ్ళూ ఆ నేల మీద పండాల్సిన రాగి, కంది, వేరుశనగ లెక్క ఎవరు కడతారు?

పేదలకిచ్చిన డి.పట్టా భూములను ఎవరూ కొనకూడదని 1977లో చట్టం వచ్చింది. ఇరవై ఏళ్ళు దాటిన పట్టాలను అమ్ముకోవచ్చని 2023లో దాన్ని సవరించారు. పేదవాడికి హక్కు ఇచ్చామన్నారు. అప్పుల్లో ఉన్నవాడికి అమ్ముకునే హక్కు ఇస్తే, అది కొనేవాడి హక్కే అవుతుంది. ఖరీఫ్ విస్తీర్ణం తగ్గడమంటే వాన తగ్గడం ఒక్కటే కాదు, పేదల చేతిలోంచి భూమి జారిపోవడం కూడా.

నీళ్ళ మాట కూడా చెప్పుకోవాలి. హంద్రీ-నీవా పథకం 40 టి.ఎం.సి.ల కృష్ణా నీటితో నాలుగు పాత జిల్లాల్లో 6 లక్షల ఎకరాలకు పైగా తడపడానికి ఉద్దేశించింది. నీళ్ళు 2016లో పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి చేరాయి. అక్కడి నుంచి కార్ల ఫ్యాక్టరీకి పైపు వేయడం చకచకా జరిగింది. చేలకు నీళ్ళిచ్చే పిల్లకాలువల పని మాత్రం ఏళ్ళ తరబడి వెనకబడిపోయింది. ఎర్రనేల వేరుశనగకు ఆగస్టు ఎండలో ఒక్క తడి దొరికినా పంట దక్కుతుంది. ఒక్క తడి! అది కూడా చేయలేని పథకం ఎవరి కోసం?

హిందూపురం: నీళ్ళున్న వాడి పంట

పెన్నా నది కన్నడ సీమ నుంచి హిందూపురం దగ్గర మన నేలలో అడుగు పెడుతుంది. పరిగి దగ్గర జయమంగళి వచ్చి కలుస్తుంది. పేరుకు రెండు నదులు, ఇసుకే ఎక్కువ. చెరువుల కింద, బావుల కింద సాగిన రాగి, వరి ఇప్పుడు లోతు బోర్ల మీద ఆధారపడ్డాయి. బోరులో నీళ్ళు ఉన్నవాడు మొక్కజొన్న వేస్తున్నాడు, మల్బరీ నాటుతున్నాడు, కూరగాయలు పెట్టి బెంగుళూరు లారీ ఎక్కిస్తున్నాడు. 2003లో మొదలైన సూక్ష్మసేద్యం పథకంతో డ్రిప్పు పైపులు ఊరూరా వచ్చాయి. నీళ్ళు పొదుపయ్యాయి, నిజమే. కాని పొదుపైన నీళ్ళతో ఇంకో ఎకరా తోట పెట్టారే గాని పక్క చేను పేదవాడికి చుక్క ఇవ్వలేదు. పెద్దవాడి బోరు లోతైన కొద్దీ చిన్నవాడి బావి ఎండింది.

మల్బరీ కథ కూడా దిగుమతుల కథే. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టు ఉంది, ధర్మవరంలో మగ్గాలు ఉన్నాయి. 2011లో ముడిపట్టు దిగుమతి సుంకాన్ని ఒకేసారి 30 నుంచి 5 శాతానికి తగ్గించారు. చైనా పట్టు వచ్చి పడింది, గూళ్ళ ధర కూలింది, చాలామంది మల్బరీ పీకేశారు. మల్బరీ పీకేసిన చేనులో మళ్ళీ రాగి వేద్దామంటే అప్పటికి ఇంటి విత్తనం పోయింది. ఒకసారి మారిన చేను వెనక్కి రావడం అంత సులువు కాదు.

పని దినాలు ఎక్కడికి పోయాయి?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. పుష్యమి కార్తెలో ఏ ఊరి రచ్చకట్ట దగ్గరైనా ఇట్లాంటి మాటే నడుస్తుంది. "అన్నా, ఈ ఏడు ఏమేస్తివి? మా ఆడోళ్ళకు పనుంటాదా?" అని కూలామె అడుగుతుంది. "యాడుందమ్మా, వానే లేకపాయె. మొక్కజొన్న ఏస్తి, మందు కొడితే కలుపే రాదు" అంటాడు రైతు. ఈ రెండు మాటల్లో వ్యవసాయశాఖ నివేదికలో లేని సత్యం ఉంది.

వేరుశనగ చేను ఎన్ని పనులు ఇచ్చేదో చూడండి. విత్తడానికి ముందు ఇంటింటా ఆడవాళ్ళు కూర్చుని కాయ వలిచి గింజ తీసేవారు. గొర్రు వెంట విత్తనం వేసేవారు. రెండుసార్లు కలుపు తీసేవారు. పంట వచ్చాక చెట్లు పీకి, కాయ తెంపి, ఆరబెట్టి, కట్టె వామి వేసేవారు. ఆ పనుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్ళవే. ఇప్పుడు గింజ తీసేది మిషను, విత్తేది ట్రాక్టరు, కాయ రాల్చేది మిషను. మొక్కజొన్నలో కలుపు మందు వచ్చి కలుపు కూలిని తీసేసింది. తోటలో ఇద్దరు జీతగాళ్ళు ఉంటే చాలు, కాయలు కోసే నాలుగు రోజులే పదిమందికి పని. బీడుకు ఎవరూ అక్కరలేదు. ప్లాటుకు కాపలావాడు ఒక్కడే.

యంత్రం శత్రువని మనం అనం. నడుం విరిగే పనిని యంత్రం చేస్తే మంచిదే. కాని యంత్రం ఆదా చేసిన కూలి డబ్బు ఎవరి జేబులోకి పోయిందన్నదే ప్రశ్న. ఆ డబ్బు కూలీకి వేరే పనిగా తిరిగి రాలేదు. అందుకే హిందూపురం రైలు బెంగుళూరు పోయేటప్పుడు నిండుగా పోతుంది. భవనాల పనికి, గార్మెంట్ ఫ్యాక్టరీలకు, కేరళకు పోతున్నవాళ్ళ ఊళ్ళల్లో ముసలివాళ్ళు, పసిపిల్లలు మిగులుతున్నారు. గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ఇదే పాత జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని చేత ప్రారంభింపజేశారు. దేశంలో పని లేని కూలీ ఎక్కడున్నాడో పాలకులకు తెలుసుననడానికి ఇంతకంటే రుజువేం కావాలి? ఆ పథకం ఒక హక్కుగా వచ్చింది, పోరాడితేనే వచ్చింది.

కొర్ర తిరిగి వస్తుందా?

2023ను చిరుధాన్యాల సంవత్సరమని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. పట్నాల్లో ధనవంతులు షుగరు జబ్బుకు మంచిదని కొర్రలు కొంటున్నారు. ఒకనాడు "పేదవాళ్ళ తిండి" అని వెక్కిరించిన గింజ ఈనాడు అందమైన పొట్లంలో బియ్యానికి రెండింతలు, మూడింతల ధర పలుకుతున్నది. కాని పండించిన వాడి దగ్గర కొనేటప్పుడు? 2025-26 ఖరీఫ్ మద్దతు ధరల పట్టికలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి. కొర్ర లేదు, సామ లేదు, అరిక లేదు. పొట్లానికి ధర ఉంది, చేనుకు లేదు.

దారి లేదని కాదు. చెన్నేకొత్తపల్లి కేంద్రంగా 1990 నుంచి పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్, 2008లో రైతులతో ధరణి సహకార సంఘం పెట్టించింది. మందులు వాడని చిరుధాన్యాలు, వేరుశనగ రైతుల దగ్గర సంఘమే కొని, బాగుచేసి అమ్ముతున్నది. కొనేవాడు ఊళ్ళో ఉంటే రైతు కొర్ర వేస్తాడనడానికి అది రుజువు. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచే పద్ధతి కూడా కొన్ని ఊళ్ళల్లో నడుస్తున్నది. మంచిదే. కాని నాలుగు మండలాల్లో ఒక సంఘం చేసిన పని జిల్లా అంతటా జరగాలంటే అది ప్రభుత్వమే చేయాలి. స్వచ్ఛంద సంస్థ మీదికి నెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు.

కొర్ర వస్తే కూలీకి అంతా బాగుపడుతుందని కూడా అనుకోవద్దు. కొర్ర కోతకు కూడా మిషను వచ్చేసింది. పంట ఒక్కటీ మారితే చాలదు. పంటతో పాటు భూమి ఎవరి చేతిలో ఉందో, కొనేది ఎవరో, పని ఎవరికి దొరుకుతుందో కూడా మారాలి.

మన కోర్కెలు

కాబట్టి రైతు సంఘం, కూలి సంఘం వేర్వేరుగా కాక కలిసి అడగాల్సినవి ఇవి. కొర్ర, సామ, అరికలకు మద్దతు ధర ప్రకటించాలి. కళ్ళం ఎండేలోపు ఊళ్ళోనే కొనుగోలు కేంద్రం తెరవాలి. అట్లా కొన్న గింజను, రాగిని ఇక్కడి చౌకడిపోలకు, బడి పిల్లల భోజనానికి, అంగన్‌వాడీలకు ఇవ్వాలి. వేరుశనగ చేతికొచ్చే నెలల్లో నూనె దిగుమతి సుంకం తగ్గించడం మానాలి. యజమాని సంతకంతో పని లేకుండా, గ్రామసభలో విచారించి కౌలురైతుకు గుర్తింపు ఇవ్వాలి. పరిహారం, బీమా సాగు చేసినవాడికే అందాలి. హంద్రీ-నీవా పిల్లకాలువలు పూర్తిచేసి, మెట్ట పంటకు ఆగస్టులో ఒక రక్షక తడి హామీ ఇవ్వాలి. పరిశ్రమల పేర తీసుకుని ఖాళీగా పెట్టిన భూములను తిరిగి భూమిలేని పేదలకు పంచాలి. డి.పట్టా భూములు చేతులు మారకుండా కాపాడాలి. ఏళ్ళ తరబడి బీడు పెట్టిన పెద్ద కమతాలను కూలీల సంఘాలకు, ఆడవాళ్ళ సంఘాలకు గుత్తకు ఇప్పించాలి.

అన్నిటికీ ముందు ఒక చిన్న కోర్కె ఉంది. ఖరీఫ్ విస్తీర్ణం లెక్క రాసేటప్పుడు దాని పక్కన ఇంకో గడి గీయమని మండలాఫీసులో అడగండి. ఈ పంట మీద ఎన్ని పని దినాలు దొరికాయి, ఏ కూలికి? ఆ గడి ఖాళీగా ఉన్నంత కాలం ప్రణాళికలు భూమి ఉన్నవాడి కోసమే తయారవుతాయి. అధికారి గీయకపోతే మన సంఘమే ఊరూరా గీయాలి. ఆరుద్ర కార్తె నుంచి సంక్రాంతి దాకా ఏ చేనులో ఏం వేశారు, ఎవరికి ఎన్ని రోజులు పని దొరికింది, ఎవరు వలస పోయారు అని ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. రేపు కలెక్టరాఫీసు ముందు కూర్చున్నప్పుడు మన చేతిలో ఉండాల్సిన కాగితం అదే. వాన మన చేతిలో లేదు. లెక్క మాత్రం మన చేతిలోనే ఉంది.